నడివయసు వాళ్లు లేని వీధి

ఒడిశాలోని బరంపురం పాత ఊళ్లో, బడా బజారుకి దగ్గరగా, తెలుగువాళ్లుండే వీధిలో మాకో జెరాక్స్ షాపు ఉంది. పేరుకి జెరాక్స్ షాపే గానీ ఆన్‌లైన్‌లో అయ్యే పని ఏదున్నా వీధి వాళ్లంతా ఇక్కడికే వస్తారు. రైలు టిక్కెట్లు, కరెంటు బిల్లులు, కాలేజీ అప్లికేషన్లు, పింఛను కాగితాలు, ఆసుపత్రి కార్డులు, అన్నీ ఈ బల్ల దగ్గరే. పగలంతా నేనే కూర్చుంటాను కాబట్టి ఎవరు ఏ పని మీద వచ్చారో, ఎవరిని తోడు తెచ్చుకున్నారో, ఎవరికి తోడు లేదో నాకు తెలుస్తూనే ఉంటుంది. కొన్నేళ్లుగా నా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఈ పోస్టులో రాస్తున్నాను.

ఒక ఊరికి ఏం కావాలో తెలియాలంటే ఆ ఊళ్లో ఎంతమంది ఉన్నారని అడిగితే సరిపోదు. ఏ వీధిలో ఏ వయసు వాళ్లు ఉన్నారో అడగాలి. ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. కానీ మన దగ్గర ఆసుపత్రి పెట్టినా, అంగన్‌వాడీ పెట్టినా, గ్రాంటు ఇచ్చినా తలలు లెక్కపెట్టి ఇస్తారు. ఆ తల నెరిసిందా, పాలుతాగే పిల్లదా అన్నది కాగితం మీద ఉంటుంది, పనిలో కనపడదు.

మా ఆడపడుచు వాళ్లకి అంబపువా వైపు ఇలాంటి షాపే ఉంది. ఆదివారం కలిసినప్పుడు ఇద్దరం పని గురించే మాట్లాడుకుంటాం. ఒకే ఊరు, రెండు షాపుల మధ్య ఆటోలో కాసేపు దూరం, అయినా వచ్చే పనికి పోలికే ఉండదు. తనకి మే, జూన్ వచ్చాయంటే ఊపిరి ఆడదు. ప్లస్ టూ, డిగ్రీ అడ్మిషన్లకి శామ్స్ (ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్) ఫారాలు, నీట్ కాగితాలు, హాస్టల్ అఫిడవిట్లు, స్కాలర్‌షిప్పులు. మిగతా ఏడాదంతా ఉద్యోగాల పరీక్షలకి అప్లికేషన్లు, ప్రాజెక్టు రిపోర్టుల స్పైరల్ బైండింగులు. ఆ పక్క కొత్త కాలనీల నుంచి పుట్టిన పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బాల ఆధార్ గురించి అడిగేవాళ్లు, స్కూలు మార్పించేవాళ్లు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పని ఫోన్లో సగం చేసుకునే వస్తారు, ప్రింటు తీసి ఇస్తే చాలు.

నా దగ్గర సీజను నవంబరు. పింఛనుదార్లు బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల. ఎనభై దాటిన కేంద్ర పింఛనుదార్లకి అక్టోబరు 1 నుంచే అవకాశం ఇస్తారు కాబట్టి దసరా రోజుల్లోనే మొదలవుతుంది. అది కాక ప్రతి నెలా 15న రాష్ట్ర పింఛను రోజు. దాని ముందూ వెనకా పేరు ఎందుకు రాలేదు, బ్యాంకులో పడిందా లేదా, కార్డులో వయసు తప్పు పడింది ఏం చెయ్యాలి, ఇవే ప్రశ్నలు. మా షాపుకి వచ్చేవాళ్లకి ప్రింటు ఒక్కటే చాలదు. కూర్చోబెట్టాలి, మంచినీళ్లివ్వాలి, కళ్లజోడు మరిచిపోతే చదివిపెట్టాలి, ఫోను చేసి కొడుకుతో మాట్లాడాలి. అక్కడ పది నిమిషాల్లో ముగ్గురి పని అయిపోతుంది. ఇక్కడ ఒక్కరికి అరగంట పడుతుంది. తీసుకునే డబ్బులు మాత్రం దాదాపు ఒకటే.

ఇలా ఎందుకు అయింది? 2011 జనాభా లెక్కల్లో బరంపురం కార్పొరేషన్ జనాభా సుమారు 3.56 లక్షలు. ఆ లెక్కల ప్రకారమే దేశంలో అరవై దాటినవాళ్లు నూటికి 8.6 మంది, ఒడిశాలో 9.5, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8. దేశం మొత్తం మీద ఆ భాగం 2031 నాటికి 13 దాటుతుందని ప్రభుత్వం వేసిన అంచనా. మరో పక్క పుట్టే పిల్లలు తగ్గిపోతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో ఒక స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు, ఆంధ్రాలో 1.7. తల్లిదండ్రుల స్థానాన్ని నింపడానికి రెండు పైచిలుకు ఉండాలి. అంటే పిల్లలు తగ్గుతున్నారు, పెద్దవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారు. ఇది మెల్లగా, ఇరవై ముప్పై ఏళ్ల మీద జరిగే మార్పు. రాష్ట్రమంతటికీ ఒకేలా వర్తిస్తుంది.

మా వీధిని ఇంత త్వరగా మార్చింది మాత్రం ఇది కాదు. వలస. బరంపురం ఉన్న గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లేవాళ్ల సంగతి దేశమంతా 2020లో చూసింది. ఆ మే నెలలో, లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైళ్లలో సూరత్ నుంచి మొదటివి మన పక్కనున్న జగన్నాథపూర్ స్టేషన్‌కే వచ్చాయి. తరాలుగా పట్టు నేసిన మా వీధి ఇళ్లలోంచి కూడా కొందరు సూరత్ వెళ్లారు. చదువుకున్నవాళ్లు హైదరాబాద్, బెంగళూరు, విశాఖ వెళ్లారు. వెళ్లేవాళ్ల వయసు పద్దెనిమిది నుంచి నలభై అయిదు. కొందరు పెళ్లాం పిల్లల్ని కూడా తీసుకుపోతారు, కొందరు పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తారు. జనాభా లెక్కలవాళ్లు ఎక్కడ ఉంటే అక్కడే రాసుకుంటారు కాబట్టి ఆ కొడుకులు సూరత్ లెక్కలో పడతారు. వాళ్ల అమ్మానాన్నలు మా వార్డు లెక్కలో మిగులుతారు. అదే పద్ధతిలో బయట జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉన్న పిల్లలు బరంపురం లెక్కలోకి వస్తారు.

ఇక్కడే సగటు మనల్ని మోసం చేస్తుంది. ఒక వార్డులో హాస్టళ్లు ఉన్నాయనుకోండి, పాత వీధులూ ఉన్నాయనుకోండి. ఇరవై ఏళ్ల పిల్లలు, డెబ్భై ఏళ్ల పెద్దలు సమానంగా ఉంటే సగటు వయసు నలభై అయిదు వస్తుంది. ఆ వార్డులో నలభై అయిదేళ్ల మనిషి ఒక్కరూ లేకపోవచ్చు. ఆ నలభై అయిదుని చూసి ఏం కడతారు? ఈ ఊరికి యూనివర్సిటీ 1967లో వచ్చింది, మెడికల్ కాలేజీ 1962లో, ఐసర్ అనే కేంద్ర సైన్సు విద్యాసంస్థ 2016లో. ఊరికి ఒక వైపు ప్రతి ఏడాదీ కొత్త పద్దెనిమిదేళ్ల వాళ్లు వచ్చి చేరుతూనే ఉంటారు, ఇరవై రెండు దాటగానే వెళ్లిపోతూ ఉంటారు. ఆ వైపు ఎప్పటికీ ముసలితనం రాదు. మెస్సులు, సెకండ్ హ్యాండ్ పుస్తకాలు, బైకు రిపేరు, మంచం ఒకటి పట్టే అద్దె గదులు, అర్ధరాత్రి దాకా టీ, ఇవన్నీ అక్కడ ఎప్పుడూ గిరాకీలో ఉంటాయి. రెండు వైపులనీ కలిపి బరంపురం యువకుల ఊరు అని ఎవరైనా రాస్తే అది లెక్క ప్రకారం నిజమే అవ్వచ్చు. మా వీధికి దాంతో పని లేదు.

మా వీధిలో వయసు ఒక్కసారి తిరగబడటం కూడా చూస్తాం, రెండేళ్లకోసారి, బుడీ ఠాకురాణి జాతరకి. సూరత్ వాళ్లు, హైదరాబాద్ వాళ్లు అందరూ దిగుతారు. దేశీబెహరా వీధి వైపు అడుగు పెట్టడానికి చోటుండదు. ఆ రోజుల్లో పాల ప్యాకెట్లు పొద్దున్నే అయిపోతాయి, డైపర్లు అయిపోతాయి, ఆటోలు దొరకవు, నా షాపులో పాస్‌పోర్టు ఫొటోలు, పిల్లల కాగితాలు, తిరుగు ప్రయాణం తత్కాల్ టిక్కెట్లు. ఆసుపత్రికి వెళ్లకుండా ఏడాది నుంచి వాయిదా వేసుకున్న పెద్దవాళ్లని కొడుకులు ఆ నెలలోనే డాక్టరుకి చూపిస్తారు, కంటి ఆపరేషన్లు చేయిస్తారు. ఎందుకంటే పక్కన ఉండి చూసుకునే మనిషి ఆ నెలలోనే దొరుకుతాడు. జాతర అయ్యాక అహ్మదాబాద్ బండి ఎక్కి వెళ్లిపోతారు. పాల అబ్బాయి మళ్లీ అరలీటరు ప్యాకెట్లు తగ్గించి పావులీటరువి తెస్తాడు.

నవంబరు పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి. లేకపోతే అరగంట ఎందుకు పడుతుందో అర్థం కాదు. ముందు వేలిముద్ర యంత్రం ఉండేది, ఇప్పటికీ ఉంది. అరవై ఏళ్లు పట్టు దారం లాగిన వేళ్ల మీద గీతలు మిగలవు. వయసుతో చర్మం ఎండిపోతుంది కూడా. మా వీధి చివర ఉండే మామ్మ ప్రతి ఏడూ బల్ల దగ్గరికి రాగానే, "ఏటమ్మా, ఈ ఏడు కూడా నా ఏలు పడదా?" అని ముందే అడుగుతుంది. గోరువెచ్చటి నీళ్లతో చేతులు కడిగించి, తుడిచి, కొద్దిగా వాజిలీను రాసి, బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అది కాకపోతే ఉంగరపు వేలు, అలా పది వేళ్లూ పెట్టి చూస్తాం. 2021 నుంచి ముఖం చూసి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. చాలా మేలు చేసింది, ఆ మాట గట్టిగా చెప్తాను. అయితే దానికీ ఓర్పు కావాలి. ముందు ఆపరేటరుగా నా ముఖం పెట్టాలి, తర్వాత వాళ్ల ఆధార్ నంబరు, ఫోను, పింఛను ఆర్డరు నంబరు నింపాలి, తర్వాత కెమెరా ముందు వాళ్లు కళ్లు ఆర్పాలి. వెనకనుంచి వెలుతురు పడితే తీసుకోదు. కళ్లు ఆర్పమంటే మామ్మ రెండు కళ్లూ గట్టిగా మూసేసి దణ్ణం పెట్టినట్టు కూర్చుంటుంది. తెరవమంటే కెమెరా వైపు కాక నా వైపు చూస్తుంది. అందుకని నేను ఫోను వెనక నిలబడి నా కళ్లు ఆర్పి చూపిస్తాను, ఆవిడ నన్ను చూసి ఆర్పుతుంది. అప్పుడు పడుతుంది. రైల్వేలో పని చేసి పోయిన భర్త తాలూకు ఫ్యామిలీ పింఛను ఆవిడది. అది ఆగితే ఆవిడ ఇల్లు గడవదు.

ఇంకొక చిక్కు ఓటీపీ. డెబ్భై దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి అయిదు లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. ఒడిశా 2025లో ఆయుష్మాన్‌లో చేరింది. మంచి పథకం, నేను అందరికీ చెప్పి చేయిస్తున్నాను. కానీ ఆధార్‌కి లింకైన నంబరు చాలా ఇళ్లలో కొడుకుది. కొడుకు సూరత్‌లో మగ్గం దగ్గర ఉంటాడు. అక్కడ ఆ చప్పుడులో ఫోను వినపడదు, షిఫ్టు పన్నెండు గంటలు. తాతగారు ఇక్కడ కుర్చీలో కూర్చుని ఉంటారు, ఓటీపీ అక్కడ వచ్చి ఎక్స్‌పైర్ అయిపోతుంది. వేలిముద్ర పడదు, ఓటీపీ ఊళ్లో లేదు. నడివయసు వాళ్లు లేని వీధి అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. మనం పెట్టుకున్న ఏర్పాట్లన్నీ ఇంట్లో ఒక ముప్పై అయిదేళ్ల మనిషి ఉంటాడన్న నమ్మకం మీద నడుస్తున్నాయి. బ్యాంకు క్యూలో నిలబడటానికి, ఆసుపత్రిలో పక్కన కూర్చోవడానికి, గ్యాస్ బండ మార్చడానికి, ఫ్యూజు వెయ్యడానికి ఆ మనిషి కావాలి. మా వీధిలో ఆ మనిషి చేసే పనులన్నీ ఇప్పుడు ఎవరో ఒకరు డబ్బు తీసుకుని చెయ్యాల్సిన పనులైపోయాయి.

అలా పుట్టుకొచ్చిన వ్యాపారాలు కొన్ని చెప్తాను. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబు కుర్రాళ్లు పొద్దున్న ఆరింటికే తిరుగుతుంటారు. మందుల షాపువాళ్లు వాట్సాప్‌లో చీటీ పంపితే ఇంటికి తెస్తారు. చదువు మధ్యలో ఆపేసిన ఆడపిల్లలు అటెండెంటు పనికి వెళ్తున్నారు, పగలు ఒక రేటు, రాత్రి ఒక రేటు. ఉప్పూ కారం తగ్గించి రెండు పూటలా క్యారియర్ ఇచ్చే పిన్ని ఒకావిడ ఉంది. అప్పడాలు, ఊరగాయల పని ముందు నుంచీ ఉన్నదే, ఇప్పుడు అదే వంటింట్లో పత్యం భోజనం కూడా వండుతోంది. వాకరు, వీల్‌చైరు, ఆక్సిజన్ సిలిండరు అద్దెకి ఇచ్చేవాళ్లు వచ్చారు. ఇక ఐస్ బాక్సు. ముందు మా వైపు ఎవరైనా పోతే సాయంత్రంలోగా అన్నీ జరిగిపోయేవి. ఇప్పుడు కొడుకు సూరత్ నుంచి బయల్దేరితే రైల్లో ఒక రోజు పైనే పడుతుంది. అందాకా ఉంచాలి కదా. అందుకని ఐస్ బాక్సు అద్దెకివ్వడం ఒక పనైపోయింది. జనాభా లెక్కల పుస్తకంలో ఈ వస్తువు పేరు కనపడదు గానీ మా వీధి వయసు గురించి ఇంతకన్నా సూటిగా చెప్పేది నాకు తెలియదు.

మావారు అంటారు, అవసరం ఉంటే వ్యాపారం అదే వస్తుంది, ప్రభుత్వం దేనికి అని. సగం నిజం. ఇప్పుడు చెప్పినవన్నీ డబ్బున్న ఇళ్లకి వచ్చాయి. రిటైరైన మాస్టారి ఇంటికి, రైల్వే పింఛను ఇంటికి, కొడుకు బెంగళూరులో ఉన్న ఇంటికి. నేత మానేసిన ముసలాయనకి వచ్చేది నెలకి వెయ్యి రూపాయల రాష్ట్ర పింఛను. రాత్రి అటెండెంటుని పెట్టుకుంటే అది ఎన్ని రోజులకి సరిపోతుంది? ఆయన అవసరం ఆ మాస్టారి అవసరం కన్నా తక్కువ కాదు. కానీ జేబులో డబ్బు లేని అవసరం బజారుకి గిరాకీలా కనపడదు. ఆ మనిషి మంచం మీదే ఉంటాడు, ఎవరి లెక్కలోకీ రాడు. మా వీధిలో ఇలా ఒంటరిగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. దేశం మొత్తం మీద కూడా 2011లో అరవై దాటిన ఆడవాళ్లు 5.3 కోట్లు, మగవాళ్లు 5.1 కోట్లు. పేరు మీద ఆస్తి లేక, చేతిలో పింఛను లేక మిగిలిపోయేది వాళ్లే.

పింఛను మాట వచ్చింది కాబట్టి వయసు మాట కూడా చెప్పాలి. రాష్ట్ర పింఛను అరవై నుంచి డెబ్భై తొమ్మిది దాకా వెయ్యి, ఎనభై దాటితే 3,500. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. అసలు తేదీ తెలియదు, ఎవరో ఏడాది అడిగారు, వీళ్లు ఉజ్జాయింపుగా ఒకటి చెప్పారు. పలానా జాతరకి ముందు పుట్టానని, తమ్ముడు నాకన్నా రెండేళ్లు చిన్నని, అలా గుర్తుంటాయి వయసులు. జనాభా లెక్కల్లో కూడా అరవై, అరవై అయిదు, డెబ్భై దగ్గర జనం కుప్పపడి కనిపిస్తారని అందరికీ తెలిసిందే. లెక్కకి అది పెద్ద నష్టం కాదు, పదేళ్లకి ఒక గుంపుగా చూస్తే సర్దుకుంటుంది. మనిషికి మాత్రం నష్టమే. కార్డులో రెండేళ్లు తక్కువ పడితే ఆ రెండేళ్లూ నెలకి 2,500 పోయినట్టే. బడికి వెళ్లనివాళ్ల దగ్గర వయసు దిద్దించుకోవడానికి ఏ కాగితమూ ఉండదు.

ఇప్పుడు ప్రభుత్వం లెక్కల సంగతి. పట్టణ ఆరోగ్య కేంద్రం 50 వేల జనాభాకి ఒకటి. పట్టణంలో ఆశా కార్యకర్త వెయ్యి నుంచి రెండున్నర వేల మందికి ఒకరు. అంగన్‌వాడీ 400 నుంచి 800 మందికి ఒకటి. ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపల ఉండాలి, ముప్పై మంది పిల్లలకి ఒక టీచరు. చివరిది తప్ప మిగతావన్నీ వయసుతో సంబంధం లేకుండా తలల మీద వేసిన లెక్కలు. పెద్దవాళ్ల కోసం 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం ఒకటి ఉంది, దాని కింద జిల్లా ఆసుపత్రిలో పది మంచాల వార్డు ఉండాలి. వార్డు మంచిదే. కానీ అది జిల్లాకి. వీధికి ఏముంది? ఇన్ని వందల మంది డెబ్భై దాటినవాళ్లున్న చోట ఒక ఫిజియోథెరపీ గది, ఇంటికొచ్చే ఒక నర్సు, పగటిపూట కూర్చునే ఒక చోటు ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. అందుకే ఎవరూ అడగరు, అడిగినా ఇచ్చే ఖాతా లేదు.

తగ్గించడానికి మాత్రం నిబంధన ఉంది. పిల్లలు ఇరవై మంది కన్నా తక్కువైన బడులని పక్క బడిలో కలపాలని కొన్నేళ్ల కింద రాష్ట్రంలో నిర్ణయం తీసుకున్నారు. మా తెలుగు బడుల పరిస్థితి చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఒకప్పుడు వరండాలో కూడా క్లాసులు జరిగిన బడిలో ఇప్పుడు గదులు తాళం వేసి ఉన్నాయి. ఇది కేవలం పిల్లలు పుట్టకపోవడం వల్ల కాదు. పుట్టిన పిల్లల్ని కూడా ఇంగ్లీషు మీడియంకే పంపుతున్నాం, మా పిల్లలు కూడా అక్కడే చదివారు. కారణం ఏదైనా గదులైతే ఖాళీగా ఉన్నాయి, పైన కప్పు ఉంది, కుళాయి ఉంది, మరుగుదొడ్డి ఉంది, మెట్లు లేవు, వీధి మధ్యలో ఉంది. పెద్దవాళ్లకి కావాల్సింది సరిగ్గా అలాంటి చోటే. ఒక గదిలో వారానికి రెండు రోజులు బీపీ, షుగరు చూసి మందులివ్వడం, ఒక గదిలో మోకాళ్లకి వ్యాయామం చేయించే మనిషి, మధ్యాహ్నం వేడి భోజనం. ఇంకో గదిలో ఉన్న కాసిన్ని పిల్లల క్లాసులూ నడవచ్చు. తాతయ్యలూ మామ్మలూ వాళ్లకి తెలుగు కథలు చెప్తారు. బడి మూతపడదు, పెద్దవాళ్లకి చోటు దొరుకుతుంది. దీని గురించి వార్డులో నేను మాట్లాడుతూనే ఉన్నాను. విన్నవాళ్లు బాగుందనే అంటారు. విద్యాశాఖ గది ఆరోగ్యశాఖకి ఎలా ఇస్తారన్న దగ్గర ఆగిపోతోంది.

భాష సంగతి కూడా ఇందులో కలిసే ఉంది. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వచ్చింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మా వీధుల్లో చదువు తెలుగులోనే సాగింది. అందుకే ఇవాళ డెబ్భై దాటినవాళ్లలో ఒడియా గడగడా మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నా చదవగలిగేవాళ్లు తక్కువ. ఫారాలు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంటాయి. వాళ్ల పిల్లలు ఒడియా చదివారు, మనవలు ఇంగ్లీషు చదువుతున్నారు. ఆసుపత్రి చీటీ మీద రాసింది తెలుగులో చెప్పే మనిషి ఈ ఊళ్లో ఎక్కువగా కావాల్సింది ఇప్పుడే, ఈ పది పదిహేనేళ్లే. తర్వాత ఆ అవసరం దానంతటదే తగ్గిపోతుంది. తగ్గిపోతుంది కదా అని ఇప్పుడు ఇవ్వకపోవడం అన్యాయం.

చాలామంది వైద్యానికి విశాఖ వెళ్లిపోతారు, భాష సులువని, బంధువులున్నారని. అరవై దాటిన మగవాళ్లకి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకి 50 శాతం ఉండే రైలు రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, మళ్లీ ఇవ్వలేదు. ఆ టిక్కెట్లు తీసేది నేనే కాబట్టి ఎంతమంది ప్రయాణం మానుకున్నారో నాకు తెలుసు. తోడు వచ్చేవాళ్లకీ పూర్తి టిక్కెట్టే. దగ్గరలో దొరికితే అంత దూరం ఎందుకు వెళ్తారు?

జనాభా లెక్కలు మళ్లీ వస్తున్నాయి. 2021లో జరగాల్సినవి ఆగిపోయి 2027 మార్చి 1 నాటి లెక్కగా జరుగుతున్నాయి. ఇన్నాళ్లూ 2011 లెక్క మీదే గ్రాంట్లు, కార్డులు నడిచాయి. 2011లో యాభై అయిదేళ్ల మనిషికి అప్పటికి డెబ్భై దాటుతుంది. కొత్త లెక్క వచ్చాక కార్పొరేషన్ వాళ్లని నేను కోరేది ఒక్కటే. ప్రతి వార్డుకీ వయసుల పట్టిక తీసి వార్డు ఆఫీసు గోడకి అంటించండి. అయిదేళ్ల లోపు ఎంతమంది, పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు ఎంతమంది, డెబ్భై దాటినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఒంటరిగా ఉన్నవాళ్లు ఎంతమంది. ఆ కాగితం గోడ మీద ఉంటే మా వీధి వాళ్లం ఏం అడగాలో మాకు తెలుస్తుంది, అంబపువా వాళ్లకి లైబ్రరీ ఎందుకు కావాలో కూడా తెలుస్తుంది.

అందాకా మన పని మనం చేసుకుందాం. సూరత్‌లో, హైదరాబాద్‌లో ఉండి ఇది చదివే మన వీధి పిల్లలకి ఒక మాట. ఈ జాతరకో పండక్కో వచ్చినప్పుడు అమ్మానాన్నల ఆధార్‌కి వాళ్ల దగ్గరే ఉండే ఫోను నంబరు లింకు చేయించి వెళ్లండి. పింఛను ఆర్డరు కాపీ, బ్యాంకు పాసుబుక్కు, ఆధార్ ఒక కవరులో పెట్టి వాళ్లకి తెలిసిన చోట ఉంచండి. డెబ్భై దాటినవాళ్లకి బ్యాంకు పని ఇంటి దగ్గరే చేసిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది, బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. మంచం దిగలేని వాళ్లుంటే నాకు ముందే చెప్పండి, నవంబరు మొదటి వారంలో మధ్యాహ్నం షాపు మూసి ఇంటికే వచ్చి లైఫ్ సర్టిఫికెట్ చేస్తాను. వచ్చేటప్పటికి కిటికీకి ఎదురుగా కుర్చీ వేసి ఉంచితే చాలు.